ముదిమి కుండ

అనగనగా ఏటి ఒడ్డున ఒక రాజ్యం. అక్కడ రాజుగారి మాటైనా ఒకనాడు తప్పేదేమో గాని, వానాకాలంలో వరద తప్పేది కాదు.

అందుకని వానలు మొదలవగానే గట్టు మీద ఒక మనిషిని కాపలా పెట్టేవారు. గండి పడేలా ఉంటే ఆ మనిషి కేక వేయాలి, ఊరు లేచి మెరక చేరాలి. వానలు వెళ్లగానే ఆ కొలువూ వెళ్లిపోయేది.

ఆ యేడు ఆ కొలువు నూకాలుకు దొరికింది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, ఏటి పక్కన చారెడు నేల తప్ప తనదంటూ ఏమీ లేదు. గట్టు మీది గుడిసెలో ఆమెకు వాన చప్పుడే తోడు. పలకరించే దిక్కులేక ఒక్కోసారి పొయ్యితో మాట్లాడేది. పాపం, ఆమె కేకకు ఊరంతా లేచేది గాని, తిన్నావా అని అడగడానికి ఒక్కరూ గట్టెక్కేవారు కాదు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. కొలువు చేసేవారి జీతపు గింజల్లోంచి నెలనెలా కొన్ని తీసి, వారి పేరిట ముదిమి కుండలో పోసేవారు. తల నెరిసేదాకా కొలువు చేస్తే, ఆపైన బతికినన్నాళ్లూ రాజుగారే తిండి పెడతారు. నడుమ మానేస్తే కుండలోని గింజలు వారివే, కాని అడిగి తీసుకోవాలి. చాలామంది మొహమాటపడి అడిగేవారు కాదు.

వరద తీసింది, కొలువూ ముగిసింది. నూకాలు నేలకు మంచి ఒండుమట్టి పట్టింది. అది ఆరకముందే విత్తనం పడాలి, లేదంటే ఏడాదంతా పస్తే. ఇంట్లో గింజ లేదు. కుండ గుర్తొచ్చి కోటకు నడిచింది.

“అవి ముసలితనానికి దాచినవి. ముసలిదానివయ్యాక రా” అన్నాడు గింజల కొట్టు అధికారి.

“అందాకా బతకాలిగా బాబూ!” అంది నూకాలు. ఆయన వినిపించుకోలేదు.

మర్నాడు పెద్ద అధికారి దగ్గరకు వెళ్లింది. “పిడికెడు గింజలకు ఇంత దూరం నడిచావా? ధర్మానికి పోయాయనుకో” అన్నాడాయన. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే మరి!

మూడోనాడు ఏకంగా రాజసభకే వెళ్లింది. మంత్రిగారు మీసం దువ్వి, “గట్టు మీద ఉన్నది నువ్వేనని సాక్ష్యం ఎవరు?” అన్నారు.

ఒంటరి మనిషికి సాక్ష్యం ఎవరుంటారు? అక్కడ ఒండు ఆరిపోతోంది. నూకాలు కళ్లు తుడుచుకుని, గుండె నిండా ఊపిరి పీల్చి ఒక్క కేక పెట్టింది.

“గట్టు తెగుతోందహో! మెరకెక్కండహో!”

సభంతా లేచింది. కొట్టు అధికారి కిటికీ ఎక్కాడు. మంత్రిగారు పంచె ఎగ్గట్టి సింహాసనం మెట్లెక్కారు. రాజుగారు చెప్పులు చేతబట్టుకున్నారు.

“వరద లేదు దొరా, కూర్చోండి” అంది నూకాలు. “నా ముఖం ఎవరికీ తెలీదు. నా గొంతు మాత్రం అందరికీ తెలుసు.”

రాజుగారు సిగ్గుపడి చెప్పులు కింద పెట్టారు. “ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి? కుండ తెచ్చివ్వండి. ఇకమీదట కొలువు ముగిసినవారిని మనమే పిలిచి ఇద్దాం” అన్నారు. కుండ తెచ్చి ముందు పెట్టాక, “ఇంకేం కావాలమ్మా?” అని అడిగారు.

“కుండ బరువుగా ఉంది దొరా. నెత్తికెత్తడానికి ఎవరైనా ఒక చెయ్యి వేస్తే చాలు.”

రాజుగారే దిగివచ్చి చెయ్యి వేశారు. వానలు మొదలయ్యాక ఆమెకు మరో మనిషి సాయం అందడం అదే మొదలు. ఆ సాయంత్రమే తడి ఒండులో విత్తనం పడింది.

నీతి: కష్టపడి దాచుకున్నది అడగడానికి సిగ్గుపడకూడదు, అడిగేదాకా అట్టేపెట్టుకున్నవారే సిగ్గుపడాలి.