సానకొండ మీద మాటకు ముందు గంధం

మెట్లెక్కి అలసిపోయారు కదా, కాస్త కూర్చోండమ్మా. ఎదురుగా ఉన్నది సానకొండ నరసింహస్వామి. ఆయన పాదాల ముందున్న గంధపు సానను చూడండి. మధ్యలో దోసిలంత గుంట పడింది. అర్చకుల చేతులే అయితే అంత లోతు పడదు. ఊరందరి చేతులూ అరగదీసిన రాయి అది. ఎందుకో చెబుతాను.

ఈ మెట్లు లేని కాలంలో కొండ కింది పల్లెకు ఒకటే ఊట. ఒక వేసవిలో ఆ నీళ్లు ఎర్రబడ్డాయి. పసిబిడ్డలు తాగలేక ఏడ్చారు. గ్రామపెద్ద పోలినాయుడు ఊరిని ఈ బండ మీదికి పిలిచి, "గొర్రెల కాపరి ఓబులేసు మందను ఊటలోకి తోలాడు. పొద్దు వాలేలోగా వాడు పెళ్లాంబిడ్డలతో ఊరు విడవాలి" అన్నాడు. అందరూ "అవునవును" అని అరిచారు. ఓబులేసు చేతులు జోడించి నిలబడ్డాడు. అతణ్ణి ఎవరూ ఒక్క మాటైనా అడగలేదు.

అప్పుడు అర్చకులు శింగరాచార్యులవారు సాన తెచ్చి నడుమ పెట్టారు. "తెల్లవారుజామున స్వామి కలలో కనిపించారు. ఈ రోజు మాట్లాడదలచినవారు ముందు గంధం తీయాలట. తాము ఎవరిని తప్పుపడుతున్నారో వారి నుదుట ఆ గంధం పెట్టి, ఆ తరువాతే నోరు విప్పాలట."

"ఊరు దాహంతో చస్తుంటే గంధమేమిటి అయ్యవారూ!" అని విసుక్కుంటూనే నాయుడు కూర్చున్నాడు. బలమంతా పెట్టి రుద్దాడు. గంధపు చెక్క కీచుమంది.

"మెల్లగా నాయుడుబాబూ, రాయేం చేసింది పాపం! నాలుగు చుక్కల నీళ్లు పోసుకో" అంది ముసలి కుమ్మరి సూరమ్మ. జనం నవ్వారు.

అతడు ఊట నీళ్లే చిలకరించాడు. రుద్దేకొద్దీ గంధంలో ఎర్రని గరుకు తేలింది. సూరమ్మ దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఇది గొర్రెల మురికి కాదయ్యా, కొండ నెత్తిన ఉండే ఎర్రమన్ను. నీ కొత్త ఇంటి గోడలకని నీ మనుషులు తవ్వుతున్నదే. మొన్నటి వానకు ఊటలోకి దిగింది."

నాయుడు ఓబులేసు వైపు తిరిగాడు. "ముందే చెప్పొచ్చు కదరా?"

"చెప్పనిచ్చారా దొరా?"

నాయుడు తల వంచుకున్నాడు. ఆ ఎర్రగంధాన్నే ఓబులేసు నుదుట పెట్టి, "తప్పు నాది" అన్నాడు. ఆ రోజే తవ్వకం ఆగింది. పక్షం తిరిగేసరికి ఊట తేటపడింది.

నేటికీ ఊరి సభ ఇక్కడే, మాట్లాడేవారెవరైనా ముందు గంధం తీయాల్సిందే. ప్రతి స్వాతీ నక్షత్రం నాడు ఓబులేసు వంశస్థులు ఊట నీళ్లు తెస్తే, నాయుడి వంశస్థులు తొలి గంధం తీస్తారు. పోయిన ఏడు రోడ్డు ఎటు వేయాలన్న మాట తేలడానికి మూడు రోజులు పట్టింది. పొరుగూళ్లవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆనాటి నుంచి ఈ ఊరు ఎవరినీ వెళ్లగొట్టలేదు.

దిగేటప్పుడు ఆకులో చిటికెడు గంధం తీసుకువెళ్లండి. అది మీ నుదుటికి కాదు. మీకు ఎవరితో మాటామాటా వచ్చిందో వారి నుదుటికి. మా తాతలను ఆ పొద్దు ఆపిన చల్లని స్వామి మిమ్మల్నీ కాపాడుగాక!