నీళ్ళతో పాటు లేచిన వరి

అనగనగా ఒక ఊళ్ళో, మన ఊరు కాదులెండి, ఓడెక్కి రంగం, అదే రంగూన్, పోయి, అక్కణ్ణించి కొండలూ అడవులూ దాటితే వచ్చే సయాం దేశపు ఊళ్ళో, బువా అని ఒక కొత్తకోడలు ఉండేది. నవ్వకండర్రా. వాళ్ళ భాషలో బువా అంటే తామరపువ్వు. మీకు మూడుపూటలా గుర్తొచ్చేది కాదు.

ఆ సయాం రాజుకీ, ఇవతలి బర్మా రాజుకీ ఎప్పుడూ యుద్ధమే. ఎందుకూ అంటే, తెల్ల ఏనుగుని అడిగితే ఇవ్వలేదని ఒకరన్నారు, ఇచ్చారు కానీ చిన్నది ఇచ్చారని ఇంకొకరన్నారు. కోతలయ్యేసరికి బర్మా సైన్యం వచ్చేది. ఊళ్ళు తగలబెట్టేది, కోట చుట్టూ కూచునేది, చినుకు పడగానే బురదకి జడిసి ఇంటికి పోయేది. మళ్ళీ కోతలు, మళ్ళీ సైన్యం, మళ్ళీ చినుకు. ఊ కొడుతున్నారా?

ఒక ఏడాది సైన్యం వస్తోందనగానే ఊరంతా కోటలోకి పరిగెత్తింది. కోట తలుపు దగ్గర అత్తగారు ఆగి, విత్తనాల కుండ ఏదే అని అడిగింది. ఇంట్లో మర్చిపోయిందిట మన కోడలు. తెస్తానని వెనక్కి ఉరికింది. కుండ చంకనేసుకుని వచ్చేసరికి మొగుడూ అత్తగారూ తలుపు లోపల, తను బయట. బర్మావాళ్ళకి చిక్కింది.

కోట పడిందంటే లోపలివాళ్ళందరినీ తాళ్ళు కట్టి, అడవి దారిన బర్మాకి నడిపించుకుపోతారు. అత్తగారి కాళ్ళకి వీధి చివరికి నడిచే ఓపికే లేదు. బువా దిగులంతా అదే.

ఈసారి వచ్చిన సేనాపతి సోటిన్ మొండివాడు. చినుకు పడినా కదలనన్నాడు. తిండికి ఇక్కడే వరి పండిద్దామన్నాడు. సైనికులంటే ఎవరు? రైతుల చేతుల్లోంచి నాగలి లాక్కుని బల్లెం పెడితే సైనికులు. మళ్ళీ నాగలి ఇచ్చేసరికి సంబరంగా దున్ని, తమ ఊళ్ళ నించి తెచ్చిన విత్తనం వేశారు.

బువా చూసి, ఆ పొట్టి వరి వద్దని చెప్పింది. ఇక్కడ ఏరు పొంగితే ఇద్దరు మనుషుల ఎత్తు నీళ్ళు నిలుస్తాయంది. శత్రువు మాట నమ్ముతామా అన్నాడు సోటిన్. నమ్మొద్దులెండి దొరా, ఈత వచ్చో లేదో మాత్రం చూసుకోండి అంది బువా. సైనికులు మూతులు అటు తిప్పుకుని నవ్వారు. సోటిన్‌కి ఉక్రోషం వచ్చి, అయితే నీ విత్తనం అదిగో ఆ పల్లంలో చల్లుకో అని, అన్నిటికంటే గుంటగా ఉన్న మడులు చూపించాడు.

వాన పట్టుకుంది. నీళ్ళు మడమ దాకా, మోకాలి దాకా, మొల దాకా, మెడ దాకా. సోటిన్ వరి మోకాలి దగ్గరే మునిగి కుళ్ళింది. బువా వరి మాత్రం, నీళ్ళు జానెడు లేస్తే జానెడు లేచింది, మూరెడు లేస్తే మూరెడు లేచింది, బారెడు లేస్తే బారెడు లేచింది. తల ఎప్పుడూ నీళ్ళపైనే. సైన్యమూ ఏనుగులూ మట్టిదిబ్బలెక్కి ఆకలితో చూస్తూ కూచున్నాయి. ఏరా గవర్రాజూ, ఊ కొట్టావా, ఆవలించావా?

పంటని పడవల్లో కూచుని కోశారు. ఒక ముసలి సైనికుడు కంకి పట్టుకుని వదల్లేదుట. తన పొలమూ పల్లమేననీ, ఏటా మునుగుతుందనీ, గట్టున కూచుని పెళ్ళాం ఏటా ఏడుస్తుందనీ చెప్పాడు. ఒక్క పిడికెడు ఇమ్మన్నాడు.

బువా ఇంటికి నిప్పు పెట్టిన చేతుల్లో ఆ చేతులూ ఉండే ఉంటాయి. కాని లాక్కోగలిగినవాడు అడుగుతున్నాడు. ఆమె ఆ అరచేతిలోకి చూసింది.

ఇంతలో సోటిన్ వచ్చి, "ఇదంతా మాదే. నువ్వూ మాదానివే. వండిపెట్టు," అన్నాడు.

"వండితే మూడు పూటలు తింటారు దొరా," అంది బువా. "చల్లుకుంటే మీ మనవలు కూడా తింటారు. అయితే, మీ ఊళ్ళో తొలకరికి ముందే చల్లాలి. ఇల్లు రెండు నెలల నడక."

సోటిన్ వెనక్కి తిరిగి చూశాడు. సైనికులెవరూ ఆయన్ని చూడటం లేదు, కంకుల్నే చూస్తున్నారు.

బువా సగం ధాన్యం దంచి అందరికీ గంజి కాచింది. మిగతా సగం, అడిగినవాడికల్లా పిడికెడు. తలగుడ్డలో విత్తనం మూటగట్టుకున్నవాడికి కోట మీద ధ్యాస ఉంటుందా? ఇవాళ పదిమంది పోయారు, రేపు వందమంది పోయారు. వాళ్ళని ఆపి తెమ్మని సోటిన్ పంపినవాళ్ళు, వెళ్ళేముందు తామూ పిడికెడు అడిగి పట్టుకుపోయారు.

వరద తీసేసరికి సోటిన్‌కి మిగిలింది నాలుగు ఏనుగులు. నాలుగు ఏనుగులతో కోట ఎవరు పట్టుకోగలరు? ఒక పొద్దున్న బువా గుడిసె ముందు నిలబడి, ఎటో చూస్తూ, "మా నాన్న మడి కూడా పల్లమే," అన్నాడు.

బువా ఈసారి వేళాకోళం చెయ్యలేదు. రెండు పిడికిళ్ళు పోసింది. ఆయనే ఆమెని కోట తలుపు దాకా దిగబెట్టి, ఇంటిదారి పట్టాడు.

లోపల అత్తగారు, చిక్కి సగమై, కోడలు కాచిన గంజి రెండు గరిటెలు తాగింది. తాగాక, శత్రువులకి విత్తనం పెట్టావుటే అని కేకలేసింది. పెట్టాను అత్తయ్యా, వెళ్ళిపోయారు అంది బువా. అత్తగారు గిన్నె ముందుకు తోసి, ఇంకో గరిటె పొయ్యమంది.

తరవాత యుద్ధాలు ఆగాయా అంటే, ఆగలేదర్రా. రాజులు రాజులే. కాని ఆ ఏడు అటూ ఇటూ ప్రతి ఇంట్లోనూ కుండ పొయ్యెక్కింది, మొగుళ్ళు ఇళ్ళకి చేరారు. ఇంటి దగ్గర చేతినిండా పని ఉన్నవాణ్ణి పొరుగువాడి మీదకి తోలడం ఎవరి తరమూ కాదు. అది గుర్తుంచుకోండి చాలు.

కథ అడవి దారిన కంచికి నడిచిపోతోంది. మనం దుప్పట్లో దూరదాం.