నారింజ దాచుకున్న పేరు

ఒకప్పుడు నారింజలో తొనలుండేవి కావు. తొక్క తీస్తే లోపలంతా మామిడిపండులా ఒకటే గుజ్జు, నడుమ ఒకే ఒక్క గింజ.

ఆ రోజుల్లో సముద్రం కనిపించే కొండవాలున ఒక నారింజ చెట్టు ఉండేది. పొద్దున్నే గాలి వీయగానే అది "నారింజా!" అని పిలిచేది. కొమ్మకొమ్మ నుంచీ పళ్లన్నీ "ఓయ్ అమ్మా!" అని పలికేవి. ఎంత చల్లటి పొద్దులవి!

ఒకనాడు పడవ సరంగు పోలయ్య బుట్టెడు పళ్లు కోశాడు. అన్నిటికన్నా చిన్న నారింజ కూడా బుట్టలో పడింది.

"తల్లీ, పేరు పోగొట్టుకోకు," అంది చెట్టు. "నాకు చూపు ఆనదు. పిలిస్తే పలికితేనే నా బిడ్డవని గుర్తుపడతాను."

పడవ ఆగిన మొదటి రేవులో ఒంటెలు తోలే ఒకతను చిన్న నారింజను గాల్లోకి ఎగరేశాడు. "అంత పేరు నా ఒంటెలు మోయలేవు. నారంజ్ చాల్లే!" అని నవ్వుతూనే పేరు తోక కత్తిరించాడు. ఆపైన రేవురేవునా ఎవరో ఒకరు ఆ పేరును కాస్త గీకారు.

చివరికి మంచు కురిసే దేశం వచ్చింది. అక్కడి రేవు గుమాస్తా పెద్ద పుస్తకం తెరిచి, మొదటి అక్షరం కొట్టేసి, 'ఓరెంజ్' అని రాశాడు. మర్నాడు అదీ నచ్చక 'ఆరెంజ్' అని దిద్దాడు.

చిన్న నారింజకు ఒళ్లు మండింది. "ఆగవయ్యా! ఆ పేరు మా అమ్మ పెట్టింది. కొట్టెయ్యడానికి నువ్వెవరు?"

"కలం పట్టుకున్నవాణ్ణి," అన్నాడు గుమాస్తా, తల ఎత్తకుండా.

"కలం నీది, పేరు మాది! మా పేరు మా హక్కు!"

బుట్టెడు పళ్లూ గొంతు కలిపాయి. గుమాస్తా ఆ నినాదాన్ని కూడా పుస్తకంలో తప్పుగానే రాసుకున్నాడు.

అరిచి అలిసిపోయాక నారింజకు కొండవాలు గుర్తొచ్చింది. అమ్మ పిలుపు గుర్తొచ్చింది. పేరంతా ఒక్కచోటే ఉంటే ఒక్క గీతకే పోతుంది కదా! అందుకని గుజ్జును గదులు గదులుగా చేసుకుంది. గదికో గింజ పెట్టుకుంది. ప్రతి గింజలోనూ పేరంతా దాచి, పల్చటి పొరలు కప్పుకుంది.

గుమాస్తా దాన్ని ఒలిచాడు. "ఇదేమిటి, లోపల ఇన్ని గదులు!" అంటూ ఒక్కటి తప్ప అన్నీ తినేశాడు. ఆ ఒక్కటీ పోలయ్య చేతిలో పెట్టాడు.

పోలయ్య దాన్ని ఇంటిదాకా దాచుకుని, కొండవాలున కూర్చుని తిని, గింజ ఊశాడు.

వానలు పడ్డాయి. ఒక పొద్దున ముసలి చెట్టు అలవాటుగా, ఆశ లేకుండానే పిలిచింది. "నారింజా!"

వేళ్ల దగ్గర రెండాకుల మొలక తలెత్తింది. "ఓయ్ అమ్మా!"

అప్పటినుంచే నారింజ తొనలు తొనలుగా ఉంటుంది. పుస్తకాల్లో ఎవరేం రాసుకున్నా, తొనతొనకీ పొర కప్పుకుని, లోపల గింజను దాచుకునే ఉంటుంది.