ముఖవిలువకు పైన

కేదార్ ఆ ఉత్తరంలో ఒక్క వాక్యం కోసం మూడు రోజులు తంటాలు పడ్డాడు. అది కుదిరాక, గురువుగారి చేత సరే అనిపించుకుందామని పొద్దున్నే బర్కత్‌పురాలోని ఆయన ఆఫీసుకు వచ్చాడు.

అతను ఒక మందుల పరిశోధన కంపెనీలో ఆర్థికాధికారి. కండరాలు కరిగిపోయే జబ్బుకు మందు కనిపెడతామని ఆ కంపెనీ జనానికి షేర్లు అమ్మింది. షేరు ముఖవిలువ ఒక్క రూపాయి. జనం పెట్టింది రెండు వందల నలభై. పైన ఇచ్చిన ఆ రెండు వందల ముప్పై తొమ్మిదిని పుస్తకాల్లో షేరు ప్రీమియం అంటారు. డబ్బంతా ఖర్చయిపోయినా ఆ అంకె తగ్గదు. నష్టాన్ని వేరే వరుసలో రాస్తారు. లెక్కలవాళ్ళ మర్యాదలు అలాంటివి మరి.

పోయిన నెల మందు ఆఖరి పరీక్షలో తప్పింది. వాటాదారులకు ఉత్తరం రాసే పని కేదార్ మీద పడింది.

ఆడిటర్ పరాంకుశం గారి దగ్గరే అతను లెక్కలు నేర్చుకున్నాడు. కాగితం అందించి, కాస్త గర్వంగానే నిలబడ్డాడు.

"ఒక్క అక్షరం అబద్ధం లేదు, గురువుగారూ."

ఆయన చదవలేదు. గోడవార బెంచీ మీద కూర్చున్న ఆవిడని చూపించారు. పేరు నర్సవ్వ. చనిపోయిన భర్త షేర్లు తన పేరుకు మార్పించుకోవడానికి జనగామ నుంచి వచ్చింది. ఆయన ఆర్టీసీ కండక్టరు. రిటైరయినప్పుడు చేతికొచ్చిన డబ్బుతో కొన్న ఆ వెయ్యి షేర్లూ కేదార్ కంపెనీవే.

"ఆవిడకి చదివి వినిపించు."

కేదార్ చదివాడు. "మీరు చెల్లించిన షేరు ప్రీమియం, నాలుగు వందల ఆరు కోట్లు, చెక్కుచెదరకుండా ఉంది."

నర్సవ్వ మొహం విప్పారింది. "ఉన్నయా సారూ! అందరు మునిగినయనిరి. అయితె మావి సగమన్న ఇప్పియ్యుర్రి. బిడ్డ కండలన్ని కరిగిపాయె, ఊపిరి మిషిను కొనాలె. ఇప్పుడున్నది కిరాయిది."

పరాంకుశం గారు కళ్ళజోడు తీశారు. "విన్నావుగా. వెళ్ళి పట్రా."

కేదార్ నవ్వబోయాడు. ఆయన నవ్వలేదు. ఏం చెయ్యాలో తోచక అతను నిజంగానే గుమ్మం దాకా నడిచాడు. అక్కడ ఆగిపోయాడు.

"గురువుగారూ, అది డబ్బు కాదు. అంకె."

"నాకెందుకు చెబుతావు? నాకు తెలుసు."

కేదార్ వెనక్కి వచ్చి బెంచీ ముందు నేలమీద కూర్చున్నాడు.

"డబ్బు లేదమ్మా. అంతా పరీక్షలకే అయిపోయింది. మీకు అర్థం కాకూడదనే అలా రాశాను."

నర్సవ్వ అతని వంకే చూసింది. పైసల మాట మళ్ళీ ఎత్తలేదు.

"పోనియ్ కొడుకా. మందు ఎప్పుడొస్తది?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పరాంకుశం గారు కాగితం తిరగేసి, ఖాళీ వైపు పైకి పెట్టి, కలం అతని చేతికిచ్చారు.

"రాయి. ఆవిడ ఇక్కడుండగానే."