ఒకే మట్టిముద్ద మీద ఐదు పాదాలు

అనగనగా, కొండలు ఇంకా ఎదుగుతూ ఉన్న రోజుల్లో, గండశిల అనే అడవి ఒకటి ఉండేది. ఆ అడవికి పరుగుపందెమంటే ప్రాణం. ఏటేటా వసంతంలో ఏటి అవతలి అడవితో పోటీ జరిగేది. గెలిచిన రోజున గండశిలవాసులు వేసే కేకలకు మబ్బులు రెండుగా చీలిపోయేవి. ఇది తగ్గించి చెప్పిన మాటే సుమా.

ఆ అడవిలో మెరిక అనే లేడి ఉండేది. అది పరుగెత్తితే దాని నీడ వెనకబడిపోయి, దారి అడుగుతూ అడుగుతూ సాయంత్రానికి ఇల్లు చేరుకునేది.

పందేల వ్యవహారం చూడటానికి మృగరాజు ఐదుగురితో ఒక పరిషత్తు వేశాడు. ఏనుగు అధ్యక్షుడు. ఎలుగుబంటి వైద్యుడు. పేర్ల పట్టీ అడవిపందిది. పరుగు నేర్పే పని తోడేలుది. ఐదవది తాబేలు, వయసులో అందరికన్నా పెద్దది.

వాళ్లకో ఆచారం ఉండేది. ఏ ఉత్తర్వుకైనా ఒకే తడిమట్టి ముద్ద తెచ్చేవారు. ముందు ఏనుగు కాలు మోపేది. దాని మీదే ఎలుగు, పంది, తోడేలు, చివరికి తాబేలు. అంతా అయ్యాక ఎవరి అడుగు ఎక్కడుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేకపోయేవాడు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ఐకమత్యం.

క్రితం ఏడు ఒక కుందేలు కాలు విరిగింది. తోడేలు దానిచేత మొద్దువేరు నమిలించింది. ఆ వేరు నమిలితే నొప్పి తెలియదు. కుందేలు విరిగిన కాలితోనే పరుగెత్తి గెలిచింది. ఆ కాలు మళ్లీ నేల మీద ఆనలేదు. ఎవరు పంపారని అడిగితే, పరిషత్తు పంపిందన్నారు.

ఈ ఏడు పందేనికి నాలుగు రోజుల ముందు మెరిక గిట్ట పగిలింది. తోడేలు మళ్లీ మొద్దువేరు తీసింది. మెరిక కుంటుకుంటూ తాబేలు దగ్గరకు వచ్చింది.

“తాతా, ఆ వేరు నమిలితే ఇక ఈ కాలు నాది కాదు. నమలనంటే అడవికి ద్రోహం చేశావంటున్నారు” అంది.

తాబేలు వెంటనే బయలుదేరింది. మూడు రోజుల్లో మూడు ఇళ్లు తిరిగింది. తాబేళ్ల వంశంలో అంత వేగం ముందూ లేదు, తరవాతా లేదు. దారిలో రెండు నత్తలను దాటేసిందని కూడా చెప్పుకుంటారు.

మొదట ఏనుగు ఇంటికి వెళ్లింది. గిట్టల సంగతి వైద్యుడిది, నాకేం తెలుసునంది ఏనుగు.

ఎలుగుబంటి ఇంటికి వెళ్లింది. వేరు విషం కాదని మాత్రమే నేను చెప్పాను, ఎవరు పరుగెత్తాలో పట్టీ రాసేవాణ్ణి అడగమంది ఎలుగు.

అడవిపంది దగ్గరకు వెళ్లింది. పరిషత్తు చెప్పిన పేరు నేను పట్టీలో ఎక్కిస్తాను, అంతవరకే నా పని అంది పంది. అని ఊరుకోక నవ్వింది. “ఇంతకూ పెద్దాయనా, పరిషత్తును వెతుక్కుంటూ ఇన్నిళ్లు తిరుగుతున్నావు. నువ్వూ పరిషత్తే కదయ్యా.”

ఆ మాట తాబేలు డిప్పను దాటి లోపలికి దిగింది.

పందెం రోజు వచ్చింది. మృగరాజు బండ మీద కూర్చున్నాడు. ఉత్తర్వు ముద్ద లేనిదే ఎవరూ గీత దగ్గరకు పోకూడదు. మట్టి తెచ్చే వంతు తాబేలుది. అది ఒక ముద్దకు బదులు ఐదు ముద్దలు తెచ్చి వరసగా పెట్టింది.

“ఉత్తర్వు పాతదే ప్రభూ, మట్టి మాత్రమే మారింది. మెరిక పగిలిన గిట్టతో, వేరు నమిలి పరుగెత్తాలని ఒప్పుకునేవారు ఎవరి ముద్ద మీద వారు కాలు పెట్టాలి.”

ఇది ఆచారం కాదని ఏనుగు గొణిగింది. ఐకమత్యం ఏమైపోవాలని తోడేలు అడిగింది.

“ఒక ముద్ద మీద నిలిచిన ఐకమత్యం ఐదింటి మీద నిలవదా? కానివ్వండి” అన్నాడు మృగరాజు.

ఏనుగు కాలెత్తింది. ఎత్తిన కాలు దించలేదు. ఎలుగు, పంది ఏనుగు వంక చూశాయి. అధ్యక్షులవారి తరవాతే నేనంది తోడేలు. ఏనుగు కాలు ఎంతసేపు గాలిలో ఉందంటే, ఆ నీడలో చీమలు ఒక పేట కట్టుకుని, వీధులు తీర్చి, పెళ్లిళ్లు కూడా చేసుకున్నాయి. ముద్దలు ఎండి బీటలు వారాయి. ఒక్క ముద్రా పడలేదు.

మృగరాజు అడిగాడు. “నిరుడు ఆ కుందేలును పంపిన ముద్దలో ఎవరెవరి పాదాలున్నాయి?”

ఏనుగు మెల్లగా కాలు వెనక్కి తీసుకుంది.

“మిగతావి ఎవరివో నేను చెప్పలేను ప్రభూ. ఒకటి మాత్రం నాది” అంది తాబేలు.

గుంపు చివర కూర్చున్న కుందేలు తలెత్తింది. “ఏడాదిగా అడుగుతున్నాను. ఒక్కరైనా ఈ మాట అనలేదు” అంది.

ఆ రోజు మెరిక పరుగెత్తలేదు. ఏటి అవతలి అడవి గెలిచింది. మృగరాజు నలుగురినీ పరిషత్తు నుంచి పంపేశాడు. తననూ పంపమంది తాబేలు. అతడు ఒప్పుకోలేదు. కొత్త పరిషత్తుకు దాన్నే పెద్దను చేసి, కుందేలు బతికినన్నాళ్లు రోజూ దానికి పచ్చగడ్డి మోయమని శిక్ష కూడా వేశాడు. తాబేలు రెండూ చేసింది.

మెరిక గిట్ట వానాకాలానికి కూడుకుంది. మరుసటి వసంతంలో అది ఎంత జోరుగా పరుగెత్తిందంటే, ఏటి అవతలివాళ్లు ఇంకా గీత దగ్గరే నిలబడి పందెం ఎప్పుడు మొదలవుతుందని అడుగుతున్నారట.

కాబట్టి పిల్లలూ, తప్పును ఎంతమంది పంచుకున్నా ఎవరి వాటా తగ్గదు. ప్రతి ఒక్కరికీ అది పూర్తిగానే మిగులుతుంది.