అల నాదేనన్న సొర

కళింగపట్నం దీపస్తంభం ఎక్కి తూర్పుకు చూస్తే సముద్రం ఒక్కటే కనబడుతుంది. నిజానికి అక్కడ ఉన్నవి రెండు. పైన ఎండకు కాగిన తేలిక నీరు, కింద చీకట్లో బిగుసుకుపోయిన చల్లటి బరువు నీరు. రెండూ ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి గాని కలిసిపోవు. అడుగున నేల తీరం నుంచి చాలా దూరం అరుగులా పరుచుకుని, ఆ తర్వాత ఒక్కసారిగా లోతులోకి దిగిపోతుంది. ఆ అరుగు మీద కవళ్ళనే చిన్న వెండి చేపలు మందగా బతికేవి. మందకు పెద్ద మెరపమ్మ.

కవళ్ళకు తిండి పెట్టేది ఒక అల. ఒడ్డున నురగలు కక్కుతూ గోల చేసే అల కాదది. రెండు నీళ్ళ మధ్యన, పైకి చప్పుడు లేకుండా నడిచొచ్చేది. పైన నీటి మీద నూనె పూసినట్టు ఓ నున్నటి చార కదులుతూ వస్తే, కింద అది వస్తోందని గుర్తు. వచ్చిందంటే చల్లనీటిని పైకెత్తి, దానితోపాటు నలుసుల్లాంటి మేత తెచ్చిపెట్టేది. రోజుకు రెండుసార్లు వచ్చేది.

కోరలయ్య అనే సొర ఈ సంగతి కనిపెట్టాడు. అరుగు అంచుకు వెళ్ళి, అల బయల్దేరిందని చూసుకుని, దానికన్నా ముందే ఈదుకుంటూ వచ్చి, తోక విదిలించి అలను పంపానని చాటేవాడు. కాసేపటికి అల రానే వచ్చేది. ఇంకేం, కవళ్ళు నమ్మేశాయి. ఒక్కో అలకు పదిమంది పిల్లల్ని తనకు తిండిగా అప్పగించాలని, లేదంటే అల ఆపేస్తానని కట్టడి చేశాడు. మందంతా పస్తుండేకన్నా పదిమంది పోవడమే నయమని పెద్దలు తలలూపారు. పోయేది ఎదుటివాడి పిల్లలైతే పెద్దల తలలు భలే సులువుగా ఊగుతాయి.

చివరికి ఆ వంతు మెరపమ్మ ఇంటికే వచ్చింది. మర్నాటి పదిమందిలో ఆమె చిన్నకూతురుంది. అంతవరకూ తలూపిన మెరపమ్మకు అప్పుడు గాని గుండె తరుక్కుపోలేదు. సిగ్గూ ఏడుపూ కలగలిసి డిప్పమ్మ దగ్గరికి పరిగెత్తింది.

డిప్పమ్మ ముసలి తాబేలు. గుడ్లు పెట్టడానికి ఇసక ఒడ్డుకూ, మేతకు లోతుకూ ఏళ్ళ తరబడి తిరిగింది కాబట్టి ఆ అల పుట్టే చోటూ చచ్చే చోటూ రెండూ చూసింది. తాపీగా అంతా చెప్పింది. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తీసేటప్పుడు, నీళ్ళు అరుగు మీంచి లోతు వైపు జారతాయట. ఆ జారుడుకు అంచు దగ్గర చల్లనీరు కుంగి గుంట పడుతుందట. పాటు పోయి పోటు మొదలవగానే ఆ గుంట తీరం వైపు నడక మొదలెడుతుందట. అదే అల. కోరలయ్య ఒడిశా వైపు వేటకెళ్ళిన మూడు రోజులూ అది ఠంచనుగా వచ్చిందట. భయంలో ఎవరూ గమనించలేదంతే.

"అయితే అందరికీ సెప్పీనా మామ్మా?"

"సెప్తే నమ్మరే. ఆడి నోటితోనే సెప్పించాల."

తెల్లారగానే డిప్పమ్మ మంద ముందరే కోరలయ్యకు వంగి దండం పెట్టింది. "బాబూ, అల నీదైతే దాన్నెక్కి ఒడ్డుదాకా ఎందుకెల్లవూ అని వంజరం సేపలు ఎకసెక్కాలాడతన్నాయి. ఒడ్డు కాడి ఇసక దిబ్బ దాకా దాంతోటే ఎల్లి సూపించు. దాటి ముందుకి పోకూడదు, ఎనకబడకూడదు. ఆనక పదేటి, ఒందమందిని అంపుతారు."

వంద అనేసరికి మెరపమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి.

కోరలయ్య మనసులో లెక్క వేసుకున్నాడు. అల పోటుతో బయల్దేరుతుంది, పోటంటే దిబ్బ మీద నిండా నీళ్ళుంటాయి, ఇంకేం భయం. పోటు ఒడ్డుకు ఇట్టే చేరుతుందనీ, లోపలి అల మాత్రం నింపాదిగా నడుస్తుందనీ అతనికి తెలీదు. ఏనాడూ దానితో కడదాకా నడిచినవాడు కాదు. ముందు పరిగెత్తి గొప్పలు చెప్పుకోవడమే అతని పని.

పొద్దున్నే అంచు దగ్గర అలను పట్టుకున్నాడు. పైనుంచి కవళ్ళు వెంట నడిచాయి. మధ్యాహ్నానికి ఒడ్డున పోటు నిండింది, కోరలయ్య ఇంకా సగం దారిలోనే ఉన్నాడు. దాటి పోకూడదన్న షరతు కాబట్టి పరిగెత్తడానికి లేదు. సాయంత్రానికి నేల దగ్గరపడింది. లోతు తగ్గేసరికి గుంటగా వచ్చిన అల బోర్లా పడి గుట్టయింది, ముందు వైపు నిటారుగా లేచి విరిగింది. చల్లనీరూ వెచ్చనీరూ కలగలిసిపోయాయి, అడుగు బురదంతా లేచింది. అల ముక్కలై, ముక్కలు చిన్నవై, ఎక్కడికక్కడ ఆగిపోయింది.

బురదలో కళ్ళు కానక కోరలయ్య విసురుగా ముందుకు దూకాడు. పొట్ట ఇసకకు రాసుకుంది. అప్పటికి ఒడ్డున పాటు నడుస్తోంది. చూస్తుండగానే నీళ్ళు జారిపోయి, కోరలయ్య దిబ్బ మీద వీపు ఆరేసుకుని మిగిలాడు. పీతలు చుట్టూ చేరి రెక్కలు గిల్లి చూశాయి.

"నీ అలను పిలు బాబూ, మోసుకుపోద్ది" అంది డిప్పమ్మ.

కోరలయ్య తోక విదిలించాడు, మళ్ళీ విదిలించాడు. ఇసక తప్ప ఏమీ లేవలేదు. పక్క మడుగులోంచి మందంతా కళ్ళప్పగించి చూస్తోంది.

మెరపమ్మ కూతుర్ని పక్కనే పెట్టుకుని ముందుకొచ్చింది. "అల ఎవరిదో సెప్పు. అందరికీ ఇనబడాల."

కోరలయ్య ఊపిరి అందక గిలగిల్లాడుతూ, "నాది కాదు. నాను పంపలేదు. ఎప్పుడూ పంపలేదు" అన్నాడు.

మళ్ళీ పోటు వచ్చి లేపగానే తల దించుకుని లోతుకు పోయాడు. ఇన్నాళ్ళూ తలూపిన పెద్దలు చెదిరిపోకుండా మందను దగ్గరికి చేర్చి పిల్లల చుట్టూ కాపలా కట్టారు, ఆ తీరాన సొరకు మళ్ళీ నోరు లేవలేదు. అల విరిగిన చోట బురదతో లేచిన మేత మబ్బులా పరుచుకుంది. మందంతా కడుపారా తింది, మెరపమ్మ కూతురు అందరికన్నా ముందు తింది. మర్నాడు అల ఎవరూ పంపకుండానే వచ్చింది.

నీతి: వచ్చేదాని ముందు పరిగెత్తి నేనే తెచ్చానన్నవాణ్ణి, కడదాకా దానితో నడిపించి చూడాలి.