జల్లెడకు చూపించని ఉత్తరాలు

చైత్ర బహుళ విదియ, శనివారం, పొద్దున్న ఏడుంపావు. గడ్డికొట్టం గుమ్మంలో నిలబడి బాతు మంగతాయారు మళ్లీ అడిగింది.

"ఏమైనా వచ్చిందా, భీమన్నా?"

ఎద్దు భీమన్న నెమరు ఆపి కంప్యూటర్ తెర వైపు తల తిప్పాడు. "ఇంకా లేదమ్మా. వస్తే నేను పిలవనూ?"

"నువ్వు పిలుస్తావులే. నాకే మనసు ఆగడం లేదు."

దేవుడు చల్లగా చూసిన దొడ్డి అది. నీడకు, నీళ్లకు లోటు లేదు. పైగా ఒక మెయిల్ సర్వర్ కూడా ఉండేది. రైతు పాత కంప్యూటర్‌ను పారేయడానికి చేయి రాక గడ్డికొట్టంలో పెట్టి మరిచిపోతే, జంతువులు దాన్ని తుడుచుకుని తమ ఉత్తరాలకు వాడుకుంటున్నాయి. కాపలా భీమన్నది. తొందరపడని వాడు కాబట్టి ఆ పని అతనికే అప్పజెప్పారు.

మంగతాయారు కూతురు సీతాలు పెద్దచెరువులో కాపురముంటోంది. తొలిచూలు గుడ్లు పెట్టింది. "చెరువు తగ్గేకొద్దీ మా గుంపు గట్టు మారుతుందమ్మా. గుడ్లలో పిల్లలు కదలగానే, ఏ గట్టున ఉన్నానో రాస్తాను. అప్పుడు బయలుదేరు" అని గుడ్లు పెట్టకముందే చెప్పి ఉంచింది. చెరువుకు దారి కాలువే. ఆ కాలువను సోమవారం కట్టేస్తున్నారు. ఆ తర్వాత ముసలి బాతు ఎండిన కాలువలో అంత దూరం నడవగలదా?

ఆ సర్వర్‌కు ఒక జల్లెడ ఉండేది. వచ్చిన ప్రతి మెయిలూ దానిలోంచే దిగాలి. మంచిది కిందికి దిగుతుంది, చెత్త పైన ఆగిపోయి బుట్టలో పడుతుంది. అల్లింది సాలీడు పేరిందేవి. నమూనా మాత్రం ఆమె ఒక్కదానిదే కాదు. ఊరూరి సాలీళ్లు కలిసి తయారుచేసుకున్నది. ఎవరైనా చూడవచ్చు, తమకు తగ్గట్టు మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పదిమందికీ పంచవచ్చు. దీన్నే ఓపెన్ సోర్స్ అంటారట. పేరిందేవి మాత్రం "తలుపుల్లేని వంటిల్లు" అనేది. ఎవరు ఏం వేసి వండారో అందరికీ కనపడుతుంది కదా అని.

జల్లెడ ఎందుకు కావలసి వచ్చిందో మేక పుల్లమ్మను అడిగితే చెబుతుంది. కాదు, అడిగితే కొమ్ములు విసురుతుంది. నిరుడు దానికొక మెయిల్ వచ్చింది. "అభినందనలు! మీకు బస్తా ఉలవలు బహుమతిగా వచ్చాయి. గుర్తుగా మీ మెడలో గంట పంపండి." గంట వెళ్లింది, ఉలవలు రాలేదు. పంపింది కాలువ మలుపులో ఉండే నక్క జంబయ్య. అప్పుడే పేరిందేవి జల్లెడ అల్లింది. "చూపిస్తే ఇది నేర్చుకుంటుంది. చెత్త కనపడినప్పుడల్లా ఇది చెత్త అని చూపించండి" అంది. బహుమతులన్నీ బుట్టలో పడ్డాయి. దొడ్డి ఊపిరి పీల్చుకుంది.

జంబయ్య ఊరుకుంటాడా! గొంతు మార్చాడు. "అమ్మా, త్వరగా రా. ఒక్కదాన్నే ఉన్నాను. నీ కూతురు" అని రాయడం మొదలుపెట్టాడు. ఒకటి రెండు కాదు, వాన చినుకుల్లా పంపాడు. ప్రతిదానిలోనూ రమ్మన్న చోటు కాలువ మలుపే. కోళ్లకు అర్థమైపోయింది. వచ్చింది వచ్చినట్టు జల్లెడకు చూపించి "ఇదీ చెత్తే, ఇదీ చెత్తే" అన్నాయి. జల్లెడ బుద్ధిగా నేర్చుకుంది. ఆ మెయిళ్లు కూడా ఆగిపోయాయి.

అందరూ సంతోషించారు. జంబయ్య ఇంకా ఎక్కువ సంతోషించాడు. అది మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ శనివారం ఎండ ముదిరే వేళకు అతనే కంచె అవతల వచ్చి కూర్చున్నాడు.

"మంగతాయారక్కా, మొహం అలా వాడిపోయిందేం?"

"నీకెందుకు నా మొహం సంగతి?"

"కోప్పడకక్కా. కన్నతల్లివి కదా అని అడిగాను. సీతాలు రాసే ఉంటుంది. మీ జల్లెడే మింగేసి ఉంటుంది. కాలువ చూస్తే ఎల్లుండి కట్టేస్తున్నారు. ఆ బూజు దులిపేస్తే ఉత్తరం దానంతట అదే వచ్చి పడదూ?"

అని తోక దులుపుకుని వెళ్లిపోయాడు.

విషం వాడిదే అయినా మాట గుచ్చుకుంది. పుల్లమ్మ బుట్టలోకి మూతి పెట్టింది. చాలాసేపు వెతికి గడ్డి పరకలతో సహా తల పైకెత్తింది.

"వదినా, అన్నీ ఒకే మాదిరి ఉన్నాయే! అమ్మా రా, అమ్మా రా, అమ్మా రా. ఇందులో సీతాలు ఎక్కడుందని వెతకను? ఇదంతా చదివేసరికి చెరువులో పిల్లలకు పిల్లలు పుడతారు."

మంగతాయారు కళ్లు మూసుకుంది. "నా పిల్ల పిలిస్తే నాకు వినపడలేదా, భీమన్నా?"

పుల్లమ్మకు ఏడుపు వస్తే కోపంగానే వస్తుంది. కొమ్ములు వంచి జల్లెడ వైపు దూకింది. "దీన్ని ఇవాళ పీకి పారేస్తాను!"

భీమన్న లేవలేదు. మెడ మాత్రం అడ్డం పెట్టాడు. "ఆగు. పీకితే ఉత్తరంతో పాటు నక్క కూడా లోపలికి వస్తాడు. పేరిందేవి పిన్నీ, ఒకసారి కిందికి దిగు. ఇది మా ఉత్తరాన్ని ఎందుకు ఆపిందో కనుక్కోవచ్చా?"

దూలం మీది నుంచి పేరిందేవి మెల్లగా దారం పట్టుకుని దిగింది. "ఎందుకు కనుక్కోకూడదూ? మూత వేసిన పెట్టె అయితే మొక్కుకుని ఊరుకోవాలి. దీని పోగు పోగూ మీ ముందే ఉంది. రండి, చూడండి."

అందరూ చుట్టూ చేరారు. జల్లెడలో కొన్ని పోగులు తాళ్లలా లావెక్కి ఉన్నాయి. పేరిందేవి వాటిని ఒక్కొక్కటీ కాలితో మీటింది.

"ఇది 'అమ్మా' అన్న మాట. ఇది 'త్వరగా'. ఇది 'ఒక్కదాన్నే'. ఈ మాటలు వస్తే చాలు, పట్టి ఆపేస్తోంది."

"ఓరి దేవుడా!" అంది పుల్లమ్మ. "అమ్మా అంటే చెత్తా? ఎవరు నేర్పారే దీనికి ఈ పాడుబుద్ధి?"

"మీరే తల్లీ. అది చూసిన 'అమ్మా' లన్నీ నక్క రాసినవే. చెడ్డది చూపించారు, నేర్చుకుంది. మంచిది ఒక్కటైనా చూపించారా?"

కోళ్లు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. పుల్లమ్మ నేల వైపు చూసింది.

"అది... మనవాళ్ల ఉత్తరాలు కదా, పిన్నీ" అంది చివరికి. "నలుగురిలో పెట్టి చూపించడానికి సిగ్గు కాదూ?"

నిజమే. చెడ్డ మెయిల్ వస్తే దొడ్డి అంతా వినేలా అరిచేవాళ్లు. మంచిది వస్తే రెక్క కింద పెట్టుకుని మూలకు వెళ్లి చదువుకునేవాళ్లు. పాపం జల్లెడ! ప్రేమగా రాసిన ముక్క ఎలా ఉంటుందో దానికి ఒక్కసారీ తెలియలేదు. తప్పు పేరిందేవిది కూడా. చెత్త చూపించమందే కానీ మంచిదీ చూపించమని నోరు తెరిచి చెప్పలేదు. చెప్పనక్కరలేదు అనుకుంది. ఆ మాట తనే ఒప్పుకుని, "నాదీ పొరపాటే. ఇప్పుడైనా తెండి" అంది.

ఎవరూ కదలలేదు. అప్పుడు భీమన్న గొంతు సవరించుకున్నాడు. ఏనాడూ తన సంగతి పైకి చెప్పనివాడు, తన ఉత్తరం ఒకటి తెరిచి జల్లెడ ముందు పెట్టాడు. పక్క ఊరికి అమ్ముడుపోయిన జోడెద్దు రాసినది.

"భీమా, ఇక్కడ మేత బాగానే ఉంది. కొత్త జోడు మంచివాడే. కానీ మలుపు దగ్గర నీలా నా కోసం ఆగడు. నీ కుడి గిట్ట వాపు తగ్గిందా?"

చదివి, "ఇది మంచిది" అన్నాడు జల్లెడతో. అంతే, మళ్లీ నెమరు వేయబోయాడు కానీ నోరు కదలలేదు.

ఆ తర్వాత సిగ్గు ఎటు పోయిందో! పుల్లమ్మ చెల్లెలి మెయిల్ తెచ్చింది. "గంట పోతే పోయింది కానీ అక్కా, నువ్వు కంచె దూకకు, నీ మోకాలు మంచిది కాదు" అని ఉంది అందులో. కోళ్లు తెచ్చాయి. మంగతాయారు సీతాలు పంపినవన్నీ ఒక్కొక్కటిగా పెట్టింది. ప్రతిదానికీ "ఇది మంచిది, నాయనా, ఇదీ మంచిదే" అంటూ, పసిపిల్లకు ముద్ద పెట్టినట్టు పెట్టింది. సాయంత్రానికి లావు పోగులు పలచబడ్డాయి. కొత్త పోగులు మొలిచాయి. గిట్ట, మోకాలు, ఎడం రెక్క, నిన్న తిన్న నాచు. అయినవాళ్లు మాత్రమే ఒకరికొకరు రాసుకునే మాటలవి.

"ఇప్పుడు బుట్టంతా మళ్లీ పోయండి" అంది పేరిందేవి.

పోశారు. నక్క రాసినవన్నీ పైనే ఆగిపోయాయి. కిందికి ఒకే ఒక్కటి జారింది.

"అమ్మా, త్వరగా రా. గుడ్లలోంచి కూత వినపడుతోంది. నువ్వు చెప్పినట్టే పూటపూటకీ దొర్లించాను. పడమటి గట్టున, జమ్ము పొదల వెనక ఉన్నాను. నీ ఎడం రెక్క నొప్పి కదా, ఎదురు నీట్లో రాకు, అంచు పట్టుకుని రా. గుంపు వేరే గట్టుకు పోయింది, ఒక్కదాన్నే ఉన్నాను. సీతాలు."

మంగతాయారు ఎడం రెక్కతోనే కళ్లు తుడుచుకుంది. "మాటలు అవే. కానీ ఆ నక్కకు నా రెక్క సంగతేం తెలుసు?"

ఆ రాత్రి జల్లెడ పీకేసి ఉంటారనుకుని జంబయ్య తన దగ్గరున్న దొంగ మెయిళ్లన్నీ కుమ్మరించాడు. అన్నీ బుట్టలో పడ్డాయి. అది తెలియక అతను మలుపులో, తుమ్మపొద చాటున కూర్చుని తెల్లవార్లూ కోళ్ల కోసం ఎదురుచూశాడు.

మర్నాడు ఆదివారం. తూర్పున తెలుపు రాగానే దొడ్డంతా దేవుడికి దండం పెట్టుకుని మంగతాయారును కాలువలో దింపింది. ఆమె అంచు పట్టుకుని ఈదుతుంటే గట్టు మీద భీమన్న, అతని వెనక పుల్లమ్మ నడిచారు. మలుపు దగ్గర పొదలో ఏదో కదిలింది. ఆ వెంటనే గణగణమంది.

"అది నా గంట!" అంది పుల్లమ్మ.

ఆశపడి మెడలో వేసుకున్న గంట. భీమన్న కొమ్ములు చూసి జంబయ్య పరుగెత్తాడు. తీసేద్దామంటే ఆగాలి, ఆగితే కొమ్ములు. పొలాల మీదుగా ఎటు పోతే అటు గణగణమంటూనే పోయాడు.

"గంట ఉండనీయవే, పుల్లమ్మా" అంది నీళ్లలోంచి మంగతాయారు నవ్వుతూ. "వాడెక్కడున్నాడో ఇక అందరికీ తెలుస్తుంది."

దొడ్డిలో మిగిలినవాళ్లు ఆ పూట మేతకు ముందు గడ్డికొట్టంలో చేరి, తలా ఒక మంచి ఉత్తరం జల్లెడకు చదివి వినిపించారు.

చెడ్డదాన్ని ఆపమని ఎవరికైనా నేర్పేముందు, మంచిది ఎలా ఉంటుందో చూపించాలి.